ఏ మెషీన్‌లో లాగిన్ అయినా మన హోమ్ ఫోల్డరే: ఫ్రీఐపీఏ డైరెక్టరీతో ఎన్ఎఫ్ఎస్ ఆటోమౌంట్, మెట్టు మెట్టుగా

కాలేజీ ల్యాబ్‌లో 40 మెషీన్లు ఉన్నాయనుకుందాం. రమ్య సోమవారం కిటికీ పక్క సీట్లో కూర్చుని ప్రోగ్రాం రాసింది. మంగళవారానికి ఆ సీటు ఇంకెవరో పట్టేశారు. ఎక్కడ లాగిన్ అయినా ఆమెకు నిన్నటి ఫైళ్లు, నిన్నటి సెట్టింగులు అలాగే కనపడాలి. ఇందుకు హోమ్ ఫోల్డర్లన్నీ ఒక ఫైల్ సర్వర్‌లో పెట్టి ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫోల్డర్లు పంచే పద్ధతి) ద్వారా పంచడం పాత పద్ధతే. సన్ మైక్రోసిస్టమ్స్ 1984లోనే ఎన్ఎఫ్ఎస్‌ను తెచ్చింది. చిక్కంతా, ఎవరి ఫోల్డర్ ఏ సర్వర్‌లో ఉందన్న సంగతి 40 మెషీన్లకూ ఎలా చెప్పాలన్న దగ్గరే.

బూట్ సమయంలో ఏ ఫోల్డర్లు తగిలించాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో రాస్తే 40 చోట్లా రాయాలి. సర్వర్ పేరు మారిన రోజు 40 చోట్లా దిద్దాలి. పైగా బూట్ అయ్యే సమయానికి ఫైల్ సర్వర్ పలక్కపోతే మెషీన్ అక్కడే నిలబడిపోతుంది. సిస్టమ్‌డీలో ఉన్న ఆటోమౌంట్ (అడిగినప్పుడే ఫోల్డర్‌ను తగిలించే) సదుపాయం ఈ చివరి బాధను తప్పిస్తుంది కానీ, 40 చోట్ల రాసే పని తప్పించదు. ఆ వివరమంతా డైరెక్టరీ సర్వర్‌లో (యూజర్లు, మెషీన్ల వివరాలు దాచే సర్వర్‌లో) ఒక్కచోట రాసిపెట్టి, మెషీన్లు అవసరం పడ్డప్పుడు అడిగి తెలుసుకునేలా చేయాలి. ఒకప్పుడు ఈ పని సన్ వారి ఎన్ఐఎస్ చేసేది. భద్రత విషయంలో అది మరీ పాతబడింది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9లో దాన్ని పూర్తిగా తీసేశారు. ఇప్పుడు ఆ స్థానం, డైరెక్టరీని అడిగి వివరాలు తెచ్చుకునే పద్ధతి అయిన ఎల్‌డ్యాప్‌ది.

ఈ వ్యాసంలో డైరెక్టరీ సర్వర్‌గా ఫ్రీఐపీఏను తీసుకుంటున్నాను. ఎల్‌డ్యాప్ మాట్లాడే 389 డైరెక్టరీ సర్వర్, టికెట్లతో ఎవరు ఎవరో నిర్ధారించే ఎంఐటీ కెర్బరోస్ రెండూ అందులో కలిసే వస్తాయి. ఎల్‌డ్యాప్ ఒక్కటే చాలదా అంటే, ల్యాబ్‌కు చాలదు. కెర్బరోస్ లేని ఎన్ఎఫ్ఎస్, క్లయింట్ మెషీన్ చెప్పిన యూఐడీని (యూజర్ సంఖ్యను) ప్రశ్నించకుండా నమ్ముతుంది. ఎవరైనా లైవ్ యూఎస్‌బీతో మెషీన్‌ను బూట్ చేసి, రూట్‌గా మారి, రమ్య యూఐడీతో ఒక ఖాతా తెరిస్తే చాలు, రమ్య ఫైళ్లన్నీ వాళ్ల చేతికొస్తాయి. విద్యార్థులు చేతులు పెట్టే ప్రతి మెషీన్ విషయంలోనూ ఇది ఊహ కాదు, జరిగే పనే. కాబట్టి మొదటి రోజు నుంచే కెర్బరోస్ పెట్టుకోమంటాను. తర్వాత తగిలించడం ఇంతకన్నా కష్టం.

ఇక్కడి ఉదాహరణల్లో మూడు మెషీన్లు: డైరెక్టరీకి ఐపీఏ.ల్యాబ్.టెస్ట్, ఫైళ్లకు ఫైల్స్.ల్యాబ్.టెస్ట్, క్లయింట్‌గా పీసీ21.ల్యాబ్.టెస్ట్. ఆపరేటింగ్ సిస్టమ్ రాకీ లినక్స్ 9 లేదా ఆల్మా లినక్స్ 9. ఫ్రీఐపీఏ సర్వర్ ఇప్పటికే నడుస్తోందని, యూజర్లు అందులో ఉన్నారని అనుకుంటున్నాను. కమాండ్లను, ఫైళ్ల పేర్లను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను; టెర్మినల్‌లో వాటి ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి.

మ్యాప్ అంటే ఏమిటి

క్లయింట్‌లో ఆటోఎఫ్ఎస్ అనే సర్వీసు నడుస్తుంటుంది. అది /హోమ్ ఫోల్డర్ మీద కాపలా కాస్తుంది. ఎవరైనా /హోమ్/రమ్య తెరవబోతే కెర్నల్ ఆ పనిని ఒక్క క్షణం ఆపి, "రమ్య అనే పేరుకు ఏం మౌంట్ చేయాలి?" అని ఆటోఎఫ్ఎస్‌ను అడుగుతుంది. ఆటోఎఫ్ఎస్ ఆ ప్రశ్నను, డైరెక్టరీతో మాట్లాడే సర్వీసు ఎస్ఎస్ఎస్‌డీకి, ఎస్ఎస్ఎస్‌డీ డైరెక్టరీకి అందిస్తుంది. జవాబు రాగానే మౌంట్ అయి, ఆగిన పని ముందుకు సాగుతుంది. యూజర్‌కు ఇదేదీ తెలియదు. కొంతసేపు ఎవరూ ముట్టుకోకపోతే మౌంట్ దానంతటదే విడిపోతుంది. మామూలుగా ఆ గడువు 300 సెకన్లు.

డైరెక్టరీలో ఈ సమాచారం మూడు అంతస్తుల్లో ఉంటుంది. పైన ఆటో.మాస్టర్ మ్యాప్: "/హోమ్ సంగతి ఆటో.హోమ్ అనే మ్యాప్‌లో చూడు" అని చెబుతుంది. దాని కింద ఆటో.హోమ్ మ్యాప్. అందులో కీలు, వాటికి ఎదురుగా ఏ సర్వర్‌లోని ఏ ఫోల్డర్ అన్న సమాచారం. వందమంది యూజర్లకు వంద కీలు రాయనక్కర్లేదు. కీగా నక్షత్రం గుర్తు (*) పెట్టి, సర్వర్ దారి చివర & గుర్తు పెడితే, అడిగిన పేరు & ఉన్నచోట వచ్చి కూర్చుంటుంది. కొత్త విద్యార్థి చేరినా మ్యాప్‌ను ముట్టుకునే పనే ఉండదు.

గడియారాలు, పేర్లు

కెర్బరోస్‌కు రెండు పట్టింపులు. మెషీన్ల గడియారాల మధ్య తేడా 5 నిమిషాలు దాటకూడదు. మూడింటిలోనూ గడియారం సరిచేసే క్రోనీ నడుస్తోందో లేదో చూడండి. రెండోది, ప్రతి మెషీన్‌కూ డీఎన్ఎస్‌లో పూర్తి పేరు ఉండాలి. "హోస్ట్‌నేమ్ -ఎఫ్" కొడితే ఫైల్స్.ల్యాబ్.టెస్ట్ అని పూర్తిగా రావాలి. ఉత్త "ఫైల్స్" అని వస్తే అక్కడే ఆగి సరిచేయండి. లేదంటే చాలాసేపటికి, ఎక్కడో సంబంధం లేని చోట "పర్మిషన్ డినైడ్" అని కనపడుతుంది.

ఫైల్ సర్వర్, క్లయింట్ రెండింటినీ ఐపీఏ-క్లయింట్-ఇన్‌స్టాల్ కమాండ్‌తో డైరెక్టరీలో చేర్చండి. తర్వాత రెండు చోట్లా "ఐడీ రమ్య" కొట్టి, ఒకే సంఖ్య వస్తోందా చూడండి. ఫ్రీఐపీఏ తన యూజర్లకు 2 లక్షల సంఖ్యల వరుస ఒకటి కేటాయించుకుంటుంది, అందుకే యూఐడీలు చాలా పెద్దవిగా కనపడతాయి. కంగారు అక్కర్లేదు, లోకల్ యూజర్లతో ఢీకొట్టకూడదనే ఆ ఏర్పాటు.

ఫైల్ సర్వర్ సిద్ధం చేయడం

ఎన్ఎఫ్ఎస్-యూటిల్స్ ప్యాకేజీ వేసి, కెర్బరోస్‌లో ఎన్ఎఫ్ఎస్ సర్వీసుకు ఒక గుర్తింపు ఇవ్వాలి. ఫైల్ సర్వర్‌లో రూట్‌గా ఉండి, "కేఇనిట్ అడ్మిన్" తో టికెట్ తీసుకుని, ఈ రెండూ నడపండి (కీట్యాబ్ అంటే ఆ గుర్తింపు తాళాన్ని దాచే ఫైలు):

ఐపీఏ సర్వీస్-యాడ్ ఎన్ఎఫ్ఎస్/ఫైల్స్.ల్యాబ్.టెస్ట్

ఐపీఏ-గెట్‌కీట్యాబ్ -పి ఎన్ఎఫ్ఎస్/ఫైల్స్.ల్యాబ్.టెస్ట్ -కె /ఈటీసీ/కేఆర్‌బీ5.కీట్యాబ్

రెండో కమాండ్ విషయంలో జాగ్రత్త. పేరులో "గెట్" ఉన్నా అది ఉన్న తాళాన్ని తెచ్చివ్వదు, ప్రతిసారీ కొత్తది తయారుచేస్తుంది. ఇదే గుర్తింపుకు ఇంకో మెషీన్ మీద మళ్లీ నడిపితే మొదటి మెషీన్‌లోని తాళం చెల్లకుండా పోతుంది. ఒక్కసారే నడపండి. ఉన్నదే కావాలంటే -ఆర్ అనే ఆప్షన్, దానికి తగ్గ అనుమతి కావాలి.

ఇప్పుడు ఫోల్డర్లు. /ఎస్ఆర్‌వీ/హోమ్ తయారుచేసి, అందులో ఒక్కొక్కరికీ ఒక ఫోల్డర్ తెరిచి, /ఈటీసీ/ఎస్‌కెల్ లోని నమూనా ఫైళ్లు అందులోకి కాపీ చేసి, వాళ్ల పేరు మీదికి మార్చి, అనుమతి 700 పెట్టండి. చిన్న స్క్రిప్టు రాసుకుంటే మంచిది, ఎందుకంటే ఈ పని సర్వర్‌లోనే జరగాలి. మొదటిసారి లాగిన్ అవగానే క్లయింటే హోమ్ ఫోల్డర్ సృష్టించే సదుపాయం ఒకటుంది కానీ, అది ఇక్కడ పనికిరాదు. క్లయింట్‌లోని రూట్‌ను ఎన్ఎఫ్ఎస్ సర్వర్ రూట్‌గా గుర్తించదు, ఎవరో అనామకుడిగా చూస్తుంది. ఆ కట్టడి మన మంచికే. "నో రూట్ స్క్వాష్" పెట్టి దాన్ని తీసేయమని ఎవరు చెప్పినా వినకండి.

ఏ ఫోల్డర్ ఎవరికి పంచాలో చెప్పే ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో ఒక్క వరస చాలు:

/ఎస్ఆర్‌వీ/హోమ్ *.ల్యాబ్.టెస్ట్(ఆర్‌డబ్ల్యూ,సెక్=కేఆర్‌బీ5పీ)

కెర్బరోస్ రక్షణలో మూడు స్థాయిలున్నాయి. కేఆర్‌బీ5 అంటే అడిగేది ఎవరో నిర్ధారిస్తుంది, అంతే. కేఆర్‌బీ5ఐ దారిలో ఎవరూ డేటాను మార్చలేదని కూడా చూస్తుంది. కేఆర్‌బీ5పీ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. హోమ్ ఫోల్డర్లకు నా ఓటు మూడోదానికే. ప్రాసెసర్ మీద భారం పడుతుందన్నది నిజమే కానీ, ఎన్‌క్రిప్షన్‌ను హార్డ్‌వేర్‌లోనే చేసే ఈనాటి ప్రాసెసర్లతో ల్యాబ్ పనికి అది అడ్డు కాదు. పెద్ద పెద్ద డేటా ఫైళ్లు గంటల తరబడి చదివే చోట మాత్రం కొలిచి చూసుకుని నిర్ణయించుకోండి.

పాత మార్గదర్శుల్లో "ఎఫ్ఎస్ఐడీ=0" అని పెట్టి, బైండ్ మౌంట్లతో ఒక నకిలీ మూలం కట్టమని ఉంటుంది. ఎన్ఎఫ్ఎస్ 4కు ఆ అవసరం ఇప్పుడు లేదు, సర్వరే ఆ ఏర్పాటు చేసుకుంటుంది. ఎన్ఎఫ్ఎస్.కాన్ఫ్ ఫైల్లో 3వ వెర్షన్‌ను ఆపేస్తే ఫైర్‌వాల్‌లో టీసీపీ 2049 ఒక్కటి తెరిస్తే సరిపోతుంది. ఎన్ఎఫ్ఎస్-సర్వర్ సర్వీసును మొదలుపెట్టి, "ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ -ఆర్ఏవీ" కొట్టి, మన వరస కనపడుతోందో లేదో చూసుకోండి.

ముందు చేత్తో మౌంట్ చేసి చూడండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే గుర్తుపెట్టుకోండి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా ఆటోమౌంట్‌లోకి దిగుతారు. పనిచేయకపోతే తప్పు డీఎన్ఎస్‌లో ఉందో, కెర్బరోస్‌లో ఉందో, ఎక్స్‌పోర్ట్‌లో ఉందో, మ్యాప్‌లో ఉందో తెలియదు. అన్ని తప్పులకూ ఆటోఎఫ్ఎస్ చెప్పే జవాబు ఒకటే: అలాంటి ఫోల్డర్ లేదని. కాబట్టి పీసీ21లో ఎన్ఎఫ్ఎస్-యూటిల్స్ వేసి, రూట్‌గా:

మౌంట్ -టి ఎన్ఎఫ్ఎస్4 -ఓ సెక్=కేఆర్‌బీ5పీ ఫైల్స్.ల్యాబ్.టెస్ట్:/ఎస్ఆర్‌వీ/హోమ్ /ఎంఎన్‌టీ

మౌంట్ అయిందా? ఇప్పుడు రూట్‌గానే /ఎంఎన్‌టీ/రమ్య తెరవబోతే "పర్మిషన్ డినైడ్" రావాలి. రాకపోతేనే అనుమానించాలి. తర్వాత "ఎస్‌యూ - రమ్య" అని రమ్యగా మారి చూడండి. మళ్లీ "పర్మిషన్ డినైడ్". ఇక్కడే చాలామంది ఏదో పాడైందనుకుని ఎక్స్‌పోర్ట్స్ ఫైల్ మార్చడం మొదలుపెడతారు. ఏదీ పాడవలేదు. రూట్ నుంచి మారినప్పుడు పాస్‌వర్డ్ అడగలేదు, కాబట్టి కెర్బరోస్ టికెట్ రాలేదు. టికెట్ లేనివాళ్లను సర్వర్ లోపలికి రానివ్వలేదు. అదే టెర్మినల్‌లో "కేఇనిట్" కొట్టి రమ్య పాస్‌వర్డ్ ఇవ్వండి, ఆ వెంటనే ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఒక ఫైల్ సృష్టించి "ఎల్ఎస్ -ఎల్" లో యజమాని పేరు రమ్య అని వస్తోందా చూడండి. "నోబడీ" అని వస్తే పేర్లను యూఐడీలతో జతచేసే ఐడీమ్యాప్‌డీ.కాన్ఫ్ ఫైల్లోని డొమైన్ రెండువైపులా ఒకటిగా లేదని అర్థం. సరిచేశాక "ఎన్ఎఫ్ఎస్ఐడీమ్యాప్ -సి" తో పాత గుర్తులు తుడిచేయాలి.

మౌంటే కాకపోతే మూడు చూడండి. క్లయింట్‌లో ఆర్‌పీసీ-జీఎస్ఎస్‌డీ సర్వీసు నడుస్తోందా. "కేలిస్ట్ -కె" కొడితే క్లయింట్‌లో హోస్ట్ గుర్తింపు, ఫైల్ సర్వర్‌లో ఎన్ఎఫ్ఎస్ గుర్తింపు కనపడుతున్నాయా. కీట్యాబ్ మార్చాక సర్వర్‌లో, కెర్బరోస్ పనులు చూసే జీఎస్ఎస్‌ప్రాక్సీని, ఎన్ఎఫ్ఎస్-సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టారా. పని అయ్యాక /ఎంఎన్‌టీ ని అన్‌మౌంట్ చేయడం మరవకండి.

డైరెక్టరీలో మ్యాప్ రాయడం

ఇంత జరిగాక ఇది అయిదు నిమిషాల పని. ఫ్రీఐపీఏలో ఆటోమౌంట్ సమాచారం "లొకేషన్" అనే గంపగుత్త పేరు కింద ఉంటుంది. సర్వర్ ఇన్‌స్టాల్ చేసినప్పుడే "డిఫాల్ట్" అనే లొకేషన్, అందులో ఆటో.మాస్టర్, ఆటో.డైరెక్ట్ మ్యాప్‌లు తయారై ఉంటాయి. అడ్మిన్ టికెట్‌తో:

ఐపీఏ ఆటోమౌంట్‌మ్యాప్-యాడ్-ఇన్‌డైరెక్ట్ డిఫాల్ట్ ఆటో.హోమ్ --మౌంట్=/హోమ్

ఐపీఏ ఆటోమౌంట్‌కీ-యాడ్ డిఫాల్ట్ ఆటో.హోమ్ --కీ='*' --ఇన్ఫో='-ఎఫ్ఎస్‌టైప్=ఎన్ఎఫ్ఎస్4,ఆర్‌డబ్ల్యూ,సెక్=కేఆర్‌బీ5పీ ఫైల్స్.ల్యాబ్.టెస్ట్:/ఎస్ఆర్‌వీ/హోమ్/&'

నక్షత్రానికి, & గుర్తుకు చుట్టూ ఒంటి కోట్స్ తప్పనిసరి. లేకపోతే షెల్ వాటిని తనకిచ్చిన ఆదేశాలనుకుంటుంది. & దగ్గర కమాండ్‌ను విరగ్గొట్టి, సగం ముక్కను వెనక్కి పంపేస్తుంది. వెబ్ పేజీలో చేయాలనుకునేవాళ్లకు "నెట్‌వర్క్ సర్వీసెస్" ట్యాబ్‌లో "ఆటోమౌంట్" కింద ఇవన్నీ దొరుకుతాయి. రాసింది సరిగ్గా ఉందో లేదో చూడటానికి "ఐపీఏ ఆటోమౌంట్‌లొకేషన్-టుఫైల్స్ డిఫాల్ట్" అనే కమాండ్ బాగా పనికొస్తుంది. డైరెక్టరీలో ఉన్నదాన్ని పాతకాలపు ఆటో.మాస్టర్ ఫైల్ రూపంలో చదివి చూపిస్తుంది.

ఇన్ఫోలో "సాఫ్ట్" అనే మౌంట్ ఆప్షన్ పెట్టకండి. సర్వర్ కాసేపు ఆగితే క్లయింట్ వేలాడిపోతుందని చాలామంది అది పెడతారు. సాఫ్ట్ మౌంట్‌లో కొంతసేపటికి రాత విఫలమైందని ప్రోగ్రాంకు చెప్పేస్తుంది. ఆ మాట పట్టించుకోని ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. ఫలితం, సగం రాసిన ఫైలు. మామూలుగా ఉండే "హార్డ్" పద్ధతిలో సర్వర్ తిరిగొచ్చేదాకా ప్రోగ్రాం ఎదురుచూస్తుంది, వచ్చాక ఆగిన చోటి నుంచే రాస్తుంది. విద్యార్థి పది నిమిషాలు విసుక్కోవచ్చు, ప్రాజెక్ట్ ఫైల్ మాత్రం భద్రం.

క్లయింట్‌ను కలపడం

పీసీ21లో ఒక్క కమాండ్:

ఐపీఏ-క్లయింట్-ఆటోమౌంట్ --లొకేషన్=డిఫాల్ట్

అది ఎస్ఎస్ఎస్‌డీ కాన్ఫిగరేషన్‌లో ఆటోఎఫ్ఎస్ సర్వీసును కలిపి, ఐడీమ్యాప్‌డీ డొమైన్ సరిచేసి, అవసరమైన సర్వీసులను మొదలుపెడుతుంది. 40 మెషీన్లకు నడపాలంటే ప్రశ్నలు అడగకుండా -యూ (పెద్దక్షరం) ఆప్షన్ ఉంది. వెనక్కి తీసుకోవాలంటే --అన్‌ఇన్‌స్టాల్. ఎస్ఈలినక్స్ (లినక్స్‌లోని అదనపు భద్రతా కట్టడి) కోసం ఇంకొకటి చేయాలి: "సెట్‌ఎస్ఈబూల్ -పి యూజ్_ఎన్ఎఫ్ఎస్_హోమ్_డిర్స్ ఆన్". ఇక్కడ పి పెద్దక్షరం. ఇది చేయకపోతే ఫోల్డర్ మౌంట్ అవుతుంది, కానీ కొన్ని సర్వీసులు అందులోని ఫైళ్లను ముట్టుకోలేవు.

"ఆటోమౌంట్ -ఎం" కొడితే ఆటోఎఫ్ఎస్ చదువుకున్న మ్యాప్‌లన్నీ కనపడతాయి. /హోమ్ ఎదురుగా ఆటో.హోమ్ ఉంటే రమ్య పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి చూడండి. "ఎల్ఎస్ /హోమ్" కొట్టి ఖాళీగా ఉందని బెంగపడకండి. అడగని పేర్లను ఆటోఎఫ్ఎస్ చూపించదు. పైగా మన కీ నక్షత్రం కాబట్టి, ఏయే పేర్లున్నాయో దానికీ తెలియదు. "సీడీ /హోమ్/రమ్య" అంటేనే కదలిక.

/హోమ్ మీద ఆటోఎఫ్ఎస్ కూర్చోగానే ఆ మెషీన్ లోకల్ డిస్క్‌లోని /హోమ్ కనపడకుండా పోతుంది. ఫైళ్లు చెరిగిపోవు, మరుగున పడతాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సృష్టించిన లోకల్ అడ్మిన్ ఖాతా హోమ్ కూడా అక్కడే ఉంటుంది. ఆటోమౌంట్ మొదలుపెట్టేముందే దాన్ని వేరే చోటికి మార్చండి. నెట్‌వర్క్ పడిపోయిన రోజున లోపలికి వెళ్లడానికి ఆ ఖాతా ఒక్కటే దిక్కు కావచ్చు.

టికెట్ లేకపోతే ఇల్లు తెరుచుకోదు

కెర్బరోస్ పెట్టిన హోమ్ ఫోల్డర్లతో కొత్తగా బతకడం మొదలుపెట్టినవాళ్లకు ఎదురయ్యే ఇబ్బందులన్నీ ఈ ఒక్క మాట నుంచే పుడతాయి. పాస్‌వర్డ్‌తో లాగిన్ అయినప్పుడు ఎస్ఎస్ఎస్‌డీయే టికెట్ తెచ్చిపెడుతుంది. పాస్‌వర్డ్ లేని దారులన్నింటిలోనూ తేడా వస్తుంది.

ఎస్ఎస్‌హెచ్ కీతో లాగిన్ అయ్యేవాళ్ల సంగతి చూడండి. వాళ్ల ఆథరైజ్డ్_కీస్ ఫైల్ హోమ్ ఫోల్డర్‌లో ఉంటుంది. దాన్ని చదవాలంటే టికెట్ కావాలి. టికెట్ రావాలంటే లాగిన్ అవ్వాలి. ఈ ముడి విప్పడానికి పబ్లిక్ కీని ఫ్రీఐపీఏలో యూజర్ పేజీలోనే పెట్టండి. ఎస్ఎస్‌హెచ్ సర్వర్ దాన్ని ఎస్ఎస్ఎస్‌డీ ద్వారా డైరెక్టరీ నుంచే చదువుకుంటుంది. లోపలికి వచ్చాక "కేఇనిట్" చేత్తో కొట్టుకోవాలి. ఇంకా మేలైన దారి, తన లాప్‌టాప్‌లోనే టికెట్ తీసుకుని "ఎస్ఎస్‌హెచ్ -కె" తో దాన్ని వెంట తీసుకెళ్లడం. ఇక్కడ కె పెద్దక్షరం.

టికెట్‌కు గడువుంది. ఫ్రీఐపీఏలో మామూలుగా అది 24 గంటలు, 7 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. కానీ ఎవరో ఒకరు పొడిగించాలి. శుక్రవారం సాయంత్రం మెషీన్ లెర్నింగ్ పని మొదలుపెట్టి వెళ్లిపోయిన విద్యార్థికి శనివారం సాయంత్రం టికెట్ అయిపోతుంది, ఫైల్ రాయలేక ప్రోగ్రాం పడిపోతుంది. ఎస్ఎస్ఎస్‌డీ.కాన్ఫ్‌లో డొమైన్ విభాగం కింద కేఆర్‌బీ5_రెన్యూవబుల్_లైఫ్‌టైమ్ 7 రోజులు, కేఆర్‌బీ5_రెన్యూ_ఇంటర్వల్ 60 నిమిషాలు అని పెడితే ఎస్ఎస్ఎస్‌డీయే పొడిగిస్తూ ఉంటుంది. ఈ రెండు వరసలూ మొదటిరోజే పెట్టేయండి.

క్రాన్‌లో (సమయానికి దానంతటదే నడిచేలా) పెట్టిన పనులకు పాస్‌వర్డ్ ఇచ్చే మనిషి ఉండడు. వాటికోసం వేరే ఖాతా తెరిచి, దాని కీట్యాబ్‌ను ఆ మెషీన్‌లో /వార్/లిబ్/జీఎస్ఎస్‌ప్రాక్సీ/క్లయింట్స్ ఫోల్డర్‌లో, ఆ ఖాతా యూఐడీ సంఖ్యే పేరుగా, .కీట్యాబ్ తోకతో పెట్టండి. జీఎస్ఎస్‌ప్రాక్సీ దాన్ని చూసి టికెట్ తానే తెచ్చుకుంటుంది. విద్యార్థి సొంత ఖాతా కీట్యాబ్‌ను మాత్రం ఉమ్మడి మెషీన్‌లో పెట్టకండి, అది పాస్‌వర్డ్‌తో సమానం.

ఇంకొన్ని మ్యాప్‌లు

ప్రాజెక్టుల ఉమ్మడి ఫోల్డర్ లాంటి ఒంటరి దారులకు డైరెక్ట్ మ్యాప్ వాడాలి. ఆటో.డైరెక్ట్‌లో కీగా /డేటా/ప్రాజెక్ట్స్ అని పూర్తి దారి రాస్తే చాలు. తేడా ఒక్కటే: డైరెక్ట్ మ్యాప్‌లో కొత్త కీ చేర్చినప్పుడు క్లయింట్లలో ఆటోఎఫ్ఎస్‌ను రీలోడ్ చేయాలి. కాపలా పెట్టాల్సిన చోటు దానికి ముందుగా తెలియాలి కదా. నక్షత్రం కీ ఉన్న ఆటో.హోమ్‌కు ఆ అవసరం రాదు.

కంపైలర్లు, సాఫ్ట్‌వేర్లు పెట్టిన ఫోల్డర్ చదవడానికే అయితే ఇన్ఫోలో రెండు సర్వర్ల పేర్లు కామాతో రాయవచ్చు. దగ్గరగా ఉండి త్వరగా పలికేదాన్ని ఆటోఎఫ్ఎస్ ఎంచుకుంటుంది. రాసే ఫోల్డర్లకు ఇది పనికిరాదు, రెండు సర్వర్లలోని ఫైళ్లను అది కలపదు.

హైదరాబాద్‌లో ఒక క్యాంపస్, విశాఖలో ఇంకొకటి ఉన్న సంస్థ అయితే ఒక్కో ఊరికి ఒక్కో లొకేషన్ సృష్టించండి. యూజర్లు, పాస్‌వర్డ్‌లు ఒకే డైరెక్టరీవి; విశాఖ మెషీన్లు --లొకేషన్=విశాఖ అని చేరతాయి, అక్కడి ఫైల్ సర్వర్ నుంచే ఫోల్డర్లు తెచ్చుకుంటాయి.

మార్చింది కనపడకపోతే

డైరెక్టరీలో మ్యాప్ మార్చారు, క్లయింట్ ఇంకా పాత పాటే పాడుతోంది. మధ్యలో రెండు క్యాష్‌లున్నాయి. ఎస్ఎస్ఎస్‌డీ తాను తెచ్చుకున్నదాన్ని మామూలుగా 5400 సెకన్లు, అంటే గంటన్నర, దాచుకుంటుంది. "ఎస్ఎస్ఎస్_క్యాష్ -ఏ" తో ఆటోమౌంట్ భాగం ఒక్కదాన్నే తుడవచ్చు. ఇక్కడ ఏ పెద్దక్షరం. ఆటోఎఫ్ఎస్ తన వంతుగా, ఒకసారి దొరకని పేరును 60 సెకన్లపాటు మళ్లీ అడగదు. సర్వర్‌లో ఫోల్డర్ ఇప్పుడే సృష్టించి, ఆ వెంటనే పరీక్షించి లేదనుకునేది అందుకే. నిమిషం ఆగి చూడండి. ఆటో.మాస్టర్‌నే మార్చితే మాత్రం ఆటోఎఫ్ఎస్ రీలోడ్ తప్పదు.

అప్పటికీ తేలకపోతే ఆటోఎఫ్ఎస్ సర్వీసును ఆపి, రూట్‌గా "ఆటోమౌంట్ -ఎఫ్ -డి" నడపండి. తెర మీదే అది అడుగుతున్న ప్రతి ప్రశ్న, వస్తున్న ప్రతి జవాబు కనపడతాయి. మ్యాప్ దొరకలేదని ఉంటే ఎస్ఎస్ఎస్‌డీ వైపు వెళ్లండి: "ఎస్ఎస్ఎస్‌సీటీఎల్ డీబగ్-లెవెల్ 9" పెట్టి, /వార్/లాగ్/ఎస్ఎస్ఎస్‌డీ లోని ఆటోఎఫ్ఎస్ లాగ్ చదవండి. మ్యాప్ దొరికి మౌంట్ విఫలమైతే తప్పు ఎన్ఎఫ్ఎస్‌లోనో కెర్బరోస్‌లోనో ఉంది, చేత్తో మౌంట్ చేసిన మెట్టుకు తిరిగి వెళ్లాలి.

ఫ్రీఐపీఏ లేకుండా, ఉత్త ఎల్‌డ్యాప్‌తో

ఇప్పటికే ఓపెన్‌ఎల్‌డ్యాప్ నడుస్తున్నచోట దాన్ని పీకేయాల్సిన పని లేదు. మ్యాప్‌లు రాయడానికి రెండు స్కీమాలు (ఎంట్రీల నమూనాలు) వాడుకలో ఉన్నాయి. 1998 నాటి ఆర్ఎఫ్‌సీ 2307 ఎన్ఐఎస్ కాలపు ఎన్ఐఎస్‌మ్యాప్, ఎన్ఐఎస్‌ఆబ్జెక్ట్‌లను ఇచ్చింది. దాని తర్వాతి రూపం 2307బిస్‌లో ఆటోమౌంట్‌మ్యాప్, ఆటోమౌంట్ అనే సొంత తరగతులున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రెండోదే తీసుకోవాలి. మొదటిదాంట్లో కీ ఉండే సీఎన్ అనే గుణం పెద్ద, చిన్న అక్షరాలను ఒకటిగానే చూస్తుంది. లినక్స్ ఫోల్డర్ పేర్లు అలా కాదు.

డైరెక్టరీ మూలమైన బేస్ కింద ఆటోమౌంట్ అనే ఓయూ (విభాగం) తెరిచి, దానిలో ఆటో.మాస్టర్, ఆటో.హోమ్ అని రెండు మ్యాప్ ఎంట్రీలు, ఒక్కో మ్యాప్ కింద కీ ఎంట్రీలు పెట్టండి. కీ ఎంట్రీకి ఆటోమౌంట్‌కీ, ఆటోమౌంట్‌ఇన్ఫర్మేషన్ అనే రెండు గుణాలు చాలు. నక్షత్రాన్ని ఎంట్రీ పేరులో పెట్టడం ఇబ్బంది అనిపిస్తే కీగా ఒంటి స్లాష్ (/) రాయవచ్చు. ఎల్‌డ్యాప్‌ను తానే నేరుగా అడిగేటప్పుడు ఆటోఎఫ్ఎస్ దాన్నీ నక్షత్రంగానే తీసుకుంటుంది. ఎస్ఎస్ఎస్‌డీ మధ్యలో ఉంటే నక్షత్రమే రాయండి.

ఎస్ఎస్ఎస్‌డీ.కాన్ఫ్‌లో సర్వీసుల వరసకు ఆటోఎఫ్ఎస్ చేర్చి, డొమైన్ కింద ఆటోఎఫ్ఎస్_ప్రొవైడర్‌గా ఎల్‌డ్యాప్, ఎల్‌డ్యాప్_ఆటోఎఫ్ఎస్_సెర్చ్_బేస్‌గా ఆ ఓయూ దారి ఇవ్వండి. ఎన్ఎస్ఎస్‌విచ్.కాన్ఫ్‌లో ఆటోమౌంట్ వరసలో "ఎస్ఎస్ఎస్ ఫైల్స్" ఉండాలి. ఇక్కడ గంటలు తినేసే తప్పు ఒకటుంది. యూజర్ల కోసం ఎల్‌డ్యాప్_స్కీమాను 2307 అని పెట్టి ఉంటే, ఎస్ఎస్ఎస్‌డీ మ్యాప్‌లను కూడా ఎన్ఐఎస్‌మ్యాప్ పేరుతోనే వెతుకుతుంది. మీరు రాసింది ఆటోమౌంట్‌మ్యాప్ అయితే ఎల్‌డ్యాప్‌సెర్చ్‌లో అన్నీ చక్కగా కనపడతాయి, ఆటోఎఫ్ఎస్‌కు మాత్రం ఒక్కటీ దొరకదు. అలాంటప్పుడు మ్యాప్ తరగతి, మ్యాప్ పేరు, ఎంట్రీ తరగతి, కీ, విలువ అనే అయిదు సెట్టింగులనూ ఎస్ఎస్ఎస్‌డీ.కాన్ఫ్‌లో విడివిడిగా రాసి, ఎస్ఎస్ఎస్‌డీని, ఆ తర్వాత ఆటోఎఫ్ఎస్‌ను, ఆ వరసలోనే మళ్లీ మొదలుపెట్టండి.